రెండు తాళాల షట్టర్

ఇటు నలుగురు, అటు నలుగురు సమానమైన బలంతో తోస్తే ఆగి ఉన్న బండి ఎటు కదులుతుంది? చెప్పండి! ఈ ప్రశ్న మన పిల్లలను అడిగిన ఫిజిక్స్ సారు మొన్న కన్నుమూశారు. మియాపూర్‌లో మా పక్క ఫ్లాట్‌లోనే ఉండేవారు.

ఆయన మన సంఘస్థుడు కాదు. అయినా మన ప్రార్థనా మందిరంలో సాయంత్రాలు పదో తరగతి పిల్లలకు ఊరికే పాఠాలు చెప్పారు. నానక్‌రామ్‌గూడ టవర్లలో పని ముగించుకుని, షేర్ ఆటోల్లో తల్లులు తిరిగొచ్చేదాకా ఆ పిల్లలకు అదే ఇల్లు.

మన స్పీకర్ల ట్రాలీయే ఆయన ప్రయోగశాల. ఖాళీ ట్రాలీని తోస్తే చటుక్కున వేగం అందుకునేది. స్పీకర్లన్నీ ఎక్కించి మళ్లీ తోసేవారు. బద్ధకంగా కదిలేది.

"బలం గదే పిల్లలూ. సామాన్ పెరిగింది, గందుకే వేగం జల్దీ పెరుగుతలేదు."

చనిపోయిన మనిషిని లేపేముందు, సమాధికి అడ్డంగా ఉన్న రాయిని తీయమని ప్రభువు ఆజ్ఞాపించిన ఘట్టాన్ని నేనొక ఆదివారం గొంతెత్తి బోధించాను. సారు గుమ్మం దగ్గరే నిలబడి విన్నారు.

"ఏంది బ్రదర్, సచ్చినోణ్ణి లేపెటాయన రాయిని మాత్రం మనుషులతోని తీయించిండా?"

"అవును సారూ! మన వంతు మనమే తోయాలి."

"అందరు ఒక్క దిక్కే తోసిన్రు గదా. లేకుంటే గా సచ్చినోడు లోపల్నే ఉంటుండె!" అని నవ్వారు.

తర్వాత వేదిక మీద ఎవరు నిలబడాలన్న తగవుతో సంఘం రెండుగా చీలింది. మందిరం షట్టర్‌కు ఒక వర్గం పెద్ద ఒక తాళం వేస్తే, రెండో వర్గం పెద్ద మరో తాళం వేశారు. సారు ఎవరినీ నిందించలేదు. బయట మెట్ల మీద చాప పరిచి, దగ్గుతూనే పాఠం చెప్పారు. వాన పడితే చాప చుట్టి పిల్లల్ని పంపేసేవారు.

దవాఖానలో చివరిసారి నా చెయ్యి పట్టుకున్నారు.

"పరీక్షలొస్తున్నయ్ బ్రదర్. గా పెద్దలిద్దరికీ బలం మంచిగనే ఉంది. జర ఒక్క దిక్కు తోయమను."

ఆయన పాడెకు ఆ పెద్దలిద్దరూ భుజం పట్టారు. ఒకరు ముందు, ఒకరు వెనుక. ఒకే దిక్కుకు నడిచారు, నా కళ్లతో చూశాను! మళ్లీ ఎవరి తాళంచెవితో వారు ఇంటికి వెళ్లిపోయారు.

పాఠం చెప్పడానికి మన ఐటీ తమ్ముళ్లు సిద్ధంగా ఉన్నారు. చుట్టిన చాప షట్టర్‌కు ఆనుకుని అలాగే ఉంది. పిల్లలు సాయంత్రం వస్తారు. పెద్దలారా, ఇంకో ఆదివారం దాకా ఆగకండి. పొద్దుగూకకముందే తాళంచెవులు పట్టుకుని రండి. ఇవాళే రండి!