ఆగమన్న కాలం

మా చిన్నప్పుడు... డిసెంబరు మొదట్లోనే మా పెరట్లో గులాబీ పువ్వులు వేగేవి. మొక్కకి పూసేవి కాదండీ... ఇనప అచ్చుని పిండిలో ముంచి నూనెలో వేయించేవి. మా వీధి మొత్తానికి అచ్చు ఒకటే. పండగ దగ్గరపడే కొద్దీ దానికి గిరాకీ ఎక్కువని మా నాయనమ్మ మరియమ్మ ముందే తెచ్చేసుకునేది.

నేనూ, తమ్ముడు జోజీ పొయ్యి పక్కనే పీటలేసుకుని కూర్చునేవాళ్ళం. ఆ వాసనకి ప్రాణం లాగేసేది. నాయనమ్మ మాత్రం వేగినవి వేగినట్టు రేకు డబ్బాలో సర్ది, డబ్బాని భోషాణంలో పెట్టి, తాళంచెవి బొడ్లో దోపుకునేది.

“ఒక్కటి నాయనమ్మా...”

“గుళ్ళో ఫాదర్ గారు ఏం చెప్పారే? ఇది ఆగమన్న కాలం. ఆగమన్నప్పుడు ఆగాలి.”

సంగతేమిటంటే... క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగు ఆదివారాల్నీ మా గుళ్ళో ‘ఆగమన కాలం’ అంటారు. నాయనమ్మ చెవికి అది ‘ఆగమన్న కాలం’ అని వినిపించింది. మాకూ అలాగే నేర్పింది. నాన్న గుడివాడలో తెలుగు మాస్టారే... ఆయనకి తెలియక కాదు. నాయనమ్మని దిద్దే ధైర్యం మా ఇంటా వంటా లేదు.

ఆ నెలంతా మా ఇంట్లో అన్నీ ఆగిపోయేవి. కొత్త గౌను టైలర్ దగ్గర్నుంచి వచ్చినా చూసుకోవడమే, వేసుకోవడం లేదు. పక్క వీధిలో ఒకటో తారీఖు నుంచే ఇంటింటి మీదా స్టార్లు వెలిగేవి... మాది బీరువా వెనకాల మడతపెట్టి ఉండేది. బాబాయి బండి కొంటానన్నా అదే మాట. ఆఖరికి నాయనమ్మకి అత్తయ్యతో పాత తగువు గుర్తొచ్చినా, “పండగ వెళ్ళనీ, అప్పుడు చెప్తా దాని సంగతి” అని వాయిదా వేసేది.

మధ్యలో ఒక్కటే సడలింపు. మూడో ఆదివారం ఫాదర్ గారు ఊదా రంగు మానేసి గులాబీ రంగు వస్త్రాల్లో పూజ చేస్తారు. పండగ దగ్గరికొచ్చింది, సంతోషించండి అని దానర్థం. నాయనమ్మ లెక్కలో మాత్రం గులాబీ బట్టలంటే గులాబీ పువ్వు... ఆ రోజు తలా ఒకటి! ఫాదర్ గారు ఆ రంగులో బయటికి రాగానే, మోకాళ్ళ మీదున్న జోజిగాడు కళ్ళు మూసుకుని గుటకలు వేసేవాడు. చూసినవాళ్ళు ఎంత భక్తో అనుకునేవారు.

ఇలా ఉండగా ఒక ఏడు మా గుడికి కొత్త ఫాదర్ గారు వచ్చారు. కుర్రాయన. ఇల్లిల్లూ పలకరిస్తూ వచ్చి మా వసారాలో టీ తాగుతుంటే, జోజిగాడు చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

“ఫాదర్ గారండీ... ఇంకా ఎన్నాళ్ళు ఆగాలండీ?”

“ఎవరు ఆగమన్నారు బాబూ?”

“మీరేనండీ. ఆగమన్న కాలం కదండీ!”

ఆయనకి టీ ముక్కుల్లోకి ఎక్కింది. నవ్వాపుకుంటూ, “ఆగమనం అంటే రావడం బాబూ. ప్రభువు రాక. ఆగమనడం కాదు,” అన్నారు.

నాన్న పేపర్లో తల దూర్చేశారు. ఫాదర్ గారు వెళ్ళాక నాయనమ్మ లేచి, తాళంచెవి తీసి అమ్మ చేతిలో పెట్టింది. “అయితే తినండి,” అంది. అంతే.

మాకు స్వరాజ్యం వచ్చింది! పొద్దున్నా సాయంత్రం తిన్నాం. జేబుల్లో వేసుకుని బడికి పట్టుకెళ్ళాం. బాబాయి టీలో ముంచుకుని తిన్నాడు. కొత్త గౌను వేసుకుని బడికెళ్తే మధ్యాహ్నానికి దాని మీద మాగాయ నూనె... ఆరుబయట కట్టిన స్టారేమో, తుఫాను ముసురు పట్టి తడిసి ముద్దైపోయింది.

పండగ రోజు డబ్బా మూత తీస్తే అడుగున కాస్త పొడి ఉంది. అచ్చు అప్పటికే ఎవరి చుట్టాలతోనో కృత్తివెన్ను వెళ్ళిపోయింది. ఏటా మేం పళ్ళేలు పంపే ఇళ్ళున్నాయి... మాకు దసరాకి పులిహోర, రంజాన్‌కి సేమ్యా పంపేవాళ్ళు. నాన్న పరుగున వెళ్ళి బందరు లడ్డూలు కొనుక్కొచ్చారు. పక్కింటి సుబ్బలక్ష్మి పిన్ని పళ్ళెం మీద గుడ్డ తీసి చూసి, “అదేంటే, మరియమ్మగారి గులాబీ పువ్వులేవి? ఆవిడకి ఒంట్లో బాలేదా ఏంటి?” అని కంగారుపడింది. బందరు లడ్డూ ఇచ్చి కూడా పరామర్శ చేయించుకున్న కుటుంబం మాదొక్కటే అయ్యుంటుంది.

నాయనమ్మ మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. దానికే మాకు భయం వేసింది. అప్పట్నుంచి ఏమడిగినా “మీ ఇష్టం” అనేది. సినిమాకి వెళ్ళొచ్చా? మీ ఇష్టం. జలుబుంది, ఐస్ తినొచ్చా? మీ ఇష్టం. మనిషి ఇంట్లో ఉండి కూడా లేనట్టే అయిపోయింది. తిట్టే నాయనమ్మ కావాలనిపించి నాకు ఏడుపొచ్చేది.

మరుసటి ఏడు మళ్ళీ పొయ్యి వెలిగింది. నాయనమ్మ మాటాపలుకూ లేకుండా అచ్చు ముంచి తీస్తోంది. జోజిగాడు వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

“నాయనమ్మా... ఆగమనవా?”

“నేనెందుకంటానురా, అర్థం తెలియనిదాన్ని.”

“రావడం అనే కదా ఫాదర్ గారు చెప్పింది? వచ్చేవాళ్ళు వచ్చేదాకా ఆగాలిగా మరి! ముందే తినేస్తే ఆయనకేం పెడతాం?”

నాయనమ్మ వాడిని ఎగాదిగా చూసింది. పొగ పొగ అంటూ కళ్ళు తుడుచుకుంది. ఈలోగా నా చెయ్యి దానంతటదే పళ్ళెం వైపు వెళ్ళింది కాబోలు... చిల్లుల గరిటెతో వేళ్ళ మీద ఒక్కటేసింది.

“ఆగమన్నానా!”

దెబ్బ తిని అంత సంతోషపడటం నా జన్మలో అదొక్కసారే.

నాయనమ్మ ఇప్పుడు లేదు. మొన్న నవంబర్లోనే మా అమ్మాయి ఫోన్లో ఏదో నొక్కింది... టీ మరిగేలోపు గులాబీ పువ్వుల ప్యాకెట్ గుమ్మంలోకి వచ్చింది. ఒకటి కొరికి, “బానే ఉన్నాయమ్మా” అని పక్కన పెట్టేసింది. పాపం, దాన్ని ఆగమనేవాళ్ళు లేరు... నాకేమో అంత గట్టిగా అనడం చేతకావడం లేదు.

మీ ఇళ్ళల్లో మిమ్మల్ని ఆగమన్నది ఎవరండీ...? వాళ్ళ పేరొక్కటి కింద రాయండి... ఈ డిసెంబర్లో వాళ్ళందర్నీ ఒకసారి తలుచుకుందాం.