వంటింటి గడప మీద ఫుట్‌బాల్

మా మామయ్య పోయారన్న కబురు నాకు భోకర్‌లో అందింది. అమ్మకు జ్వరం తగ్గడం లేదంటే చూసి రావడానికి పుట్టింటికి వెళ్ళాను. ఆదివారం పొద్దున్నే వాకిట్లో జీపు ఆగింది. మా దుకాణం గుమాస్తా దిగి, చెప్పులు కూడా విడవకుండా లోపలికి వచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాడు.

“అమ్మా, పెద్దసేటు పోయిండమ్మా. తెల్లారంగ లేచి చాయ్ తాగిండు. గంతనే. నడువుండ్రి, అందరు మీ కోసమే చూస్తున్నరు.”

నేను బయలుదేరుతున్నప్పుడు మామయ్య మంచం మీద నుంచి అడిగిన మాట ఒక్కటే. “ఐతారం ఆట ఉన్నది బిడ్డా. అప్పటిదాంక అస్తవా?” వస్తానన్నాను. వచ్చాను కూడా. జీపు నాందేడ్‌లోకి దిగి మైదానం పక్కగా పోతుంటే ఎవరో సున్నంతో గీతలు గీస్తున్నారు. ఆట ఆ సాయంత్రమే.

మీలో చాలామందికి ఆయన తెలియదు. ధాన్యం బజారు మోంఢా దగ్గర కిరాణా దుకాణం, గిరాకీకి వచ్చినవాళ్ళతో రెండు మంచి మాటలు, ఇంటికి వస్తే పూజ, భోజనం. ఊరు ఆయన గురించి చెప్పుకునేంత పెద్ద పని ఏదీ చేయలేదు. కాని ఫుట్‌బాల్ అంటే ఆయనకు ప్రాణం. మా గల్లీల పిల్లలంతా కలిసి ఒక టీము కట్టుకున్నారు, ఆ టీము ఆయనది. చందా ఇచ్చినందుకు కాదు. గెలిచినా ఓడినా వాళ్ళ ఆట గురించి వారమంతా ఆలోచించే మనిషి ఆయన ఒక్కడే కాబట్టి.

నేను కొత్త కోడలుగా వచ్చిన మొదటి ఆదివారం బాగా గుర్తుంది. సందె వేళ మామయ్య సైకిలు వాకిట్లో నిలిపి, కాళ్ళు కడుక్కుని, వంటింటి గడప మీద కూర్చున్నారు. నేను రొట్టెలు చేస్తున్నాను. అప్పటివరకు ఆయన నాతో మాట్లాడింది లేదు. మొదటి మాట ఇది: “ఇయ్యాల మన గోలీ నిద్రపోయిండు బిడ్డా. లేకుంటే ఆట మనదే.”

“మందు గోలీ ఏసుకున్నరా మామా? ఒంట్లె బాగలేదా?” అన్నాను.

ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వారు. గోలీ అంటే గోలు కాసేవాడని చెప్పారు. గోలు అంటే ఏమిటో చెప్పారు. ఆ రోజు మొదలైంది. ఇంట్లో ఇద్దరు కొడుకులున్నారు, ఇద్దరికీ ట్రాన్సిస్టర్‌లో వచ్చే క్రికెట్ తప్ప పట్టదు. అత్తమ్మ ఆ మాట ఎత్తితేనే లేచి వెళ్ళిపోయేది. రొట్టెలు వదిలి కదలలేనిదాన్ని నేనొక్కదాన్నే దొరికాను.

ఆఫ్‌సైడు నాకు ఎంతకీ అర్థం కాకపోతే ఒక రోజు గిన్నెలు ముందు పెట్టుకుని చెప్పారు. “గీ లోటా మీ అత్త. గీ గిలాస నువ్వు. చుట్టాలు అచ్చిన్రు. అత్త ఇంక లోపట్నే ఉన్నది, నువ్వు ముందుగాల ఉరికి వాకిట్ల నిలబడి మాట కలిపితివి. తప్పా కాదా?”

“తప్పే మామా.”

“గదే ఆఫ్‌సైడు.”

బియ్యం చెరుగుతున్న అత్తమ్మ తల ఎత్తింది. “మీ ఆటల నా పేరెందుకు తీస్తరు? నేనేమన్న మైదానంల నిలబడ్డనా?”

టీము మీద ఆయనకు లేని అభిప్రాయం లేదు. సెంటర్ హాఫ్‌కు పెళ్ళయింది. ఆ తరువాత రెండు ఆటలు చూసి వచ్చి, “వాడు మైదానంల నడుస్తుండు బిడ్డా, ఉరుకుతలేడు. అత్తగారింటి లడ్డూలు కాళ్లల్లకు దిగినయి,” అన్నారు. సెంటర్ ఫార్వర్డ్ గురించి, “కాలున్నది, నజర్ లేదు. గోల్ ఎక్కడున్నదో జూస్తడు, దోస్తు ఎక్కడున్నడో జూడడు,” అనేవారు. రైట్ బ్యాక్ ఒకసారి చాలా చెడ్డగా ఆడాడట. అందరూ అతణ్ణే తిట్టుకుంటూ ఇళ్ళకు పోయారట. మామయ్య మాత్రం, “వాణ్ణి ఏమనొద్దు. మిల్లుల రాత్రిపాళీ దిగి సీదా అచ్చిండు. నిద్రకండ్లతోని నిలబడ్డడు, గదే మస్తు,” అన్నారు. గోలీని మొదటి రోజు నాతో అన్నారే గాని, తరువాత ఎవరైనా అంటే ఊరుకునేవారు కాదు. “గోల్ పడంగనే లోకమంత గోలీని తిడతది. బంతిని ఆయన దాంక రానిచ్చిన పదిమందిని ఎవరన్న అడిగిన్రా?”

అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది లెఫ్ట్ అవుట్ ఆడే పిల్లవాడు. నా తమ్ముడి ఈడువాడు, పత్తి జిన్నింగులో పని. బంతి కాలికి దొరికితే వదిలేవాడు కాదట. “బంతి పేరంటం పసుపు లెక్క బిడ్డా. ఒకలి చేతులకెల్లి ఒకలికి పోవాలె. గిన్నె చంకల పెట్టుకొని ఉరికితే అది పేరంటం ఎట్లయితది?” ఈ మాట మైదానంలో ఆ పిల్లవాడి ముఖం మీద కూడా అన్నారని తరువాత తెలిసింది. అతను నవ్వి, “నేను పేరంటాలకు పోను కాకా,” అన్నాడట.

మామయ్య తానూ ఆడినవారే. నిజాం రోజుల్లో ఉర్దూ బడిలో చదువుతున్నప్పుడు ఉత్త కాళ్ళతో ఆడేవారట. తండ్రి ఒక రోజు బడికి వచ్చి చెయ్యి పట్టుకుని దుకాణానికి తీసుకుపోయి గల్లా ముందు కూర్చోబెట్టాడు. మళ్ళీ బంతి తన్నలేదు. ఈ సంగతి ఆయన చెప్పింది ఒక్కసారే, అదీ వేరే ఏదో మాటల మధ్య. బాధపడుతూ చెప్పలేదు. కాని చెప్పి, తన పాదాలు ఒకసారి చూసుకున్నారు.

ఒక ఏడు మా టీము ఫైనల్ దాకా వచ్చింది. పర్భణీ వాళ్ళతో ఆట. ఊరు సగం మైదానంలోనే ఉందన్నారు. చీకటి పడుతుండగా మామయ్య వచ్చారు. సైకిలు నడిపించుకుంటూ వస్తున్నారు, పక్కన ఎవరో తల దించుకుని నడుస్తున్నారు.

“బిడ్డా, ఇద్దరికి పెట్టు.”

“ఎవలు?” అంది అత్తమ్మ లోపలి నుంచి.

“మన లెఫ్ట్ అవుట్.”

ఆట సమంగా ఉండగా చివర్లో పెనాల్టీ దొరికితే ఆ పిల్లవాడు బంతిని గోలు మీది నుంచి ఆకాశంలోకి తన్నాడు. మరుక్షణమే పర్భణీ వాళ్ళు గోలు కొట్టి గెలిచారు. జనం నోటికి వచ్చింది అన్నారు. ఎవరో చెప్పు విసిరారు. ఇవన్నీ మరునాడు గల్లీలో విన్నాను. ఆ రోజు మామయ్య ఆట ఊసే ఎత్తలేదు. జొన్నరొట్టె, వంకాయ కూర వడ్డించాను. “ఇంక ఒకటి ఏసుకో,” అనడం తప్ప ఆయన వేరే మాట అనలేదు. ఆ పిల్లవాడి కన్నీళ్ళు పళ్ళెంలో పడుతున్నాయి. చూడనట్టు మామయ్య నీళ్ళ చెంబు అటు జరిపారు.

అతను వెళ్ళాక అడిగాను. “ఇయ్యాల ఒక్క మాట అనలేదేంది మామా?”

“గెలిచిన నాడు తిట్టాలె బిడ్డా. ఓడిన నాడు అన్నం పెట్టాలె. మనోళ్లు ఉల్టా జేస్తరు.”

ఆ మాట నేను ఫుట్‌బాల్‌కు మాత్రమే పెట్టుకోలేదు. పిల్లల్ని పెంచేటప్పుడు ఎన్నిసార్లు పనికి వచ్చిందో.

తరువాత ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కొన్నాళ్ళకు తిరిగి వచ్చింది గాని కాలు రాలేదు. ముందు గదిలో మంచం వేశాము. మొదటి ఆదివారం మైదానం వైపు నుంచి కేకలు వినిపించగానే లేవబోయి కింద పడ్డారు. అందరం కలిసి ఎత్తి పడుకోబెట్టాము. ఆయన గోడ వైపు తిరిగి, రాత్రి అన్నం వద్దన్నారు.

మరుసటి ఆదివారం అత్తమ్మ వంటింట్లోకి వచ్చి నా చేతిలోని అప్పడాల కర్ర తీసుకుంది. “నువ్వు పో పిల్లా. పోయి ఆ ఆటేందో చూసొచ్చి ఆయనకు చెప్పు.”

మా ఆయన అడ్డం వచ్చారు. “ఆడోళ్లు మైదానానికి పోతరా అమ్మా? నలుగురు ఏమంటరు?”

“జాతరకు పోతలేరా? గిది గట్లనే అనుకో,” అంది అత్తమ్మ.

మా చిన్నదాన్ని చంకన వేసుకుని వెళ్ళాను. పల్లీలు అమ్మే అవ్వ పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆట నేను ఊహించుకున్నట్టు లేదు. ఎవరు ఎటు పోతున్నారో కంటికి ఆనదు. కాని కాసేపటికి ఒక విచిత్రం జరిగింది. వాళ్ళలో ఒక్కరిని తప్ప ఎవరినీ చూసి ఎరుగను, అయినా అందరినీ గుర్తుపట్టాను. అదిగో, నడుస్తున్నవాడు సెంటర్ హాఫ్. దోస్తును చూడనివాడు అతనే. ఇన్నేళ్ళు ఆయన గడప మీద కూర్చుని చెప్పిన మనుషులంతా నా కళ్ళ ముందు పరుగెత్తుతున్నారు.

ఆ రోజు మావాళ్ళు చిత్తుగా ఓడారు. ఇంటికి వచ్చేసరికి మా ఆయన వాకిట్లో నిలబడి ఉన్నారు. “గెలిచిన్రని చెప్పు. మనసుకు దెబ్బ తగలొద్దని డాక్టర్ చెప్పిండు గద.”

నేను లోపలికి వెళ్ళాను. మామయ్య నా ముఖం చూశారు. “చెప్పు.”

ఆ కళ్ళల్లోకి చూస్తూ అబద్ధం ఆడడం నావల్ల కాలేదు. “ఓడిన్రు మామా. నాలుగు పడ్డయి.”

వెనక మా ఆయన నుదురు కొట్టుకుని బయటికి పోయారు. మామయ్య కళ్ళు మూసుకున్నారు. అప్పుడు ఆయన కళ్ళు తెరవకుండానే అడిగారు. “మొదటిది ఎట్ల పడ్డది?”

చెప్పాను. గోలీ ముందుకు వచ్చాడా, రైట్ బ్యాక్ ఎక్కడున్నాడు, బంతి ఎటు నుంచి వచ్చింది, ఒక్కొక్కటే అడిగారు. తెలిసినవి చెప్పాను, తెలియనివి తెలియదన్నాను. ఎడమ చేత్తో అన్నం కలుపుకుంటూ, మెతుకులు పక్క మీద పడుతున్నా చూసుకోకుండా, నెలరోజుల తరువాత మొదటిసారి కడుపు నిండా తిన్నారు. చెయ్యి తుడుస్తుంటే అన్నారు. “అందరు నాకు మందులే పోస్తున్నరు. నువ్వొక్కదానివి ఆట చెప్పినవ్.”

అప్పటి నుంచి ప్రతి ఆటకూ వెళ్ళాను. టీము మాత్రం ఏటేటికీ సన్నబడింది. ఊరంతా క్రికెట్ పట్టుకుంది. మైదానంలో సగం స్టంపులే. గోలీకి ఔరంగాబాద్ బదిలీ అయింది. ఒకసారి పదిమందితోనే ఆడారు. ఆ సంగతి చెప్పడానికి నేను తడబడితే మామయ్యే అన్నారు. “టీము ముసలిదయింది బిడ్డా, నా లెక్కనే. కాని దిగి ఆడుతున్నరు గద. గది చెప్పు నాకు.”

జీపు దిగి నేను ఆ గదిలోకి వెళ్ళేసరికి ఆయన్ని కింద చాప మీద పడుకోబెట్టారు. పాదాలు పట్టుకున్నాను. ఏమి చెప్పను? నా దగ్గర చెప్పడానికి ఆ ఆదివారం ఏమీ లేదు.

మధ్యాహ్నం దాటాక గోదావరి ఒడ్డుకు తీసుకుపోయారు. ఆడవాళ్ళం వాకిట్లోనే ఆగిపోయాము. పాడె గల్లీ మలుపు తిరిగి కనబడకుండా పోయిన కాసేపటికి మైదానం వైపు నుంచి ఒక్కసారిగా కేక లేచింది. గోలు పడింది. ఎవరిదో తెలియలేదు. ఆ కేక వినడానికి ఇంట్లో మనిషి లేడన్నది అప్పుడు తెలిసి, అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఆగలేదు.

దినాలు కాకముందే ఒక సాయంత్రం లెఫ్ట్ అవుట్ వచ్చాడు. ఇప్పుడు అతనూ చిన్నవాడు కాదు, చెంపల దగ్గర వెంట్రుకలు నెరుస్తున్నాయి. మంచం తీసేసిన ముందు గదిలో గోడ వారగా కూర్చున్నాడు. పక్క గదిలో మూలకు అత్తమ్మ. ఆయన పోయిన నాటి నుంచి ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. పెడితే రెండు ముద్దలు తినేది, లేకపోతే అదీ లేదు.

“ఆఖరి సూపుకు రాలేకపోయినం వదినా,” అన్నాడు. “ఆట ఆపమని అడిగినం. అవతలోళ్లు ఒప్పుకోలే. కాకా ఉంటే ఆడుండ్రనే అనేటోడు, అని ఆడినం.”

“ఆ ఆట నేను చూడలే,” అన్నాను. “నువ్వే చెప్పు.”

అతను చెప్పాడు. నేను అడిగాను. కొత్త గోలీ ఎట్లా ఉన్నాడు, హాఫ్ లైను వెనక్కి వచ్చిందా, అంటూ. అడుగుతున్నది నా గొంతే గాని ప్రశ్నలు నావి కావు. అతనికీ అది తెలుస్తున్నట్టుంది, నా వైపు చూడకుండా ఖాళీ అయిన మంచం చోటు వైపు చూస్తూ చెబుతున్నాడు.

“ఒకటి మీద ఒకటి వదినా. సమానం. మనది నేనే కొట్టిన. కొట్టిన అంటే కొట్టలే. కార్నర్ల నుంచి బంతి అచ్చింది, నేను జారి పడ్డ, మోకాలికి తగిలి అదే పోయింది లోపటికి.” నవ్వబోయి అతను నవ్వలేకపోయాడు. మోచేత్తో ముఖం తుడుచుకున్నాడు.

బయట సన్నగా వాన మొదలైంది.

“మోకాలికి తగిలి పోతే కూడ లెక్కలకు అస్తదా?”

ఇద్దరం తిరిగి చూశాము. అత్తమ్మ. మూల నుంచి లేచి తలుపు దాకా వచ్చి, ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉంది. బొట్టు లేని ఆ ముఖం మీద చెంగు సరిచేసుకుంటూ, జవాబు కోసం అతని వైపే చూస్తోంది.

“అస్తది పెద్దమ్మా,” అన్నాడతను.

“ఎట్ల అస్తది?” అని ఆమె గడప దగ్గరే నెమ్మదిగా కూర్చుంది. అతను ఆమె వైపు తిరిగి, వాన చప్పుడుకు కొంచెం గొంతు పెంచి, ఆట మొదటి నుంచి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాడు.