మామ కొన్న టెన్నిస్ బ్యాటు

సముద్రపు నీళ్లను అరచేతితో కొలిచిన దేవునికి, పిచ్చుకకు దాని గూడంత చోటు చూపించిన దేవునికి స్తోత్రం. ఎవరికి ఎంత కావాలో ఆయనకు తెలిసినంతగా మనకు తెలియదు. ఆయనను స్తుతించిన తరువాతే ఏ పనికైనా పూనుకోవాలని మా మామ, అంటే మా ఆయన తండ్రి, నాకు నేర్పారు. కాబట్టి మామను గురించి రాసే ఈ నాలుగు మాటలూ అలాగే మొదలుపెడుతున్నాను.

మొన్న పని మీద కర్నూలు వెళ్లి, బస్సుకు ఇంకా సమయం ఉందని ఒక ఆటసామాన్ల అంగడిలోకి వెళ్లాను. ఎనిమిదేళ్లుంటాయేమో, ఒక పాప వాళ్లమ్మతో వచ్చి టెన్నిస్ రాకెట్లు చూస్తోంది. అంగడాయన పెద్దవాళ్లు ఆడే రాకెట్ ఒకటి తీసి పాప చేతిలో పెట్టాడు. "ఎదిగే బిడ్డ కదమ్మా, పెద్దదే తీసుకోండి. ఇంగ నాలుగేండ్లు అంగడి మొగం చూసే పన్లేదు," అన్నాడు. పాప రెండు చేతులతో పట్టుకున్నా రాకెట్ తల నేల వైపే వాలిపోతోంది. నన్నెవరూ అడగలేదు గానీ నోరు ఊరుకోలేదు. "దాని తల కింద ఆనించి, పాప పక్కన నిలబెట్టి చూడండమ్మా," అన్నాను. అన్న తరువాత తెలిసింది, ఆ మాట నాది కాదు, మా మామ వల్ల నేర్చుకున్నది అని.

"ఎదిగే బిడ్డ" అన్న మాటకు మా వైపు ఎదురు లేదు. ఒంటికి సరిపోయే వస్తువు పిల్లలకు కొనడం మా ఇళ్లలో దుబారా కిందే లెక్క. క్రిస్మస్ గౌను కుట్టించేటప్పుడు దర్జీతో "ఇంకో రెండంగుళాలు ఎక్కువ పెట్టప్పా" అనని తల్లికి సంసారం చేతకాదని అర్థం. నా చిన్ననాటి గౌన్లన్నీ మొదటి క్రిస్మస్‌కు పాదాల మీద, మూడో క్రిస్మస్‌కు మోకాళ్ల మీద ఉండేవి. సరిగ్గా సరిపోయే మధ్య సంవత్సరానికి రంగు వెలిసిపోయేది. బూట్ల ముందు భాగంలో దూది కుక్కుకుని బడికి నడిచినవాళ్లం మేము. అందుకే మామ నా కూతురికి టెన్నిస్ రాకెట్ కొనుక్కొచ్చిన రోజు, అది ఆమెకు పెద్దదని మాలో ఎవరికీ వింతగా తోచలేదు.

మామ కమలాపురం దగ్గర శనగ పండించిన రైతు. మోకాళ్లు మొరాయించాక చేను కౌలుకిచ్చి, అత్తతో కలిసి కడపలో మా దగ్గరికి వచ్చారు. మా చర్చి సంఘంలో పెద్ద. సండే స్కూలు పిల్లలకు కథలు చెప్పడంలో ఆయన తరువాతే ఎవరైనా. ఒక ఏడాది ఎండాకాలం సెలవుల్లో తొమ్మిదేళ్ల మా పాప స్టేడియంలో ఎవరిదో రాకెట్ అడిగి తీసుకుని ఆడుతుంటే, కొట్టే తీరు బాగుంది, జిల్లా ఎంపికలకు పంపమని కోచ్ అన్నాడు. ఆ మాట విన్న సాయంత్రమే మామ అంగడికి పోయి, ఉన్నవాటిలో పెద్దది, పొడవు ఇరవై ఏడు అంగుళాలది, తెచ్చారు. దాన్ని ఆయన ఏనాడూ రాకెట్ అనలేదు, బ్యాటు అనేవారు. ఆదివారం దాన్ని గుడికి తీసుకుపోయి బల్ల మీద పెట్టారు. పాస్టరు అయ్యగారు ఒక చెయ్యి బ్యాటు మీద, ఒక చెయ్యి పాప తల మీద ఉంచి, ఈ బిడ్డ చేతిని బలపరచమని ప్రార్థించారు. సంఘమంతా ఆమేన్ అంది.

సంఘమంతా ఆమేన్ అన్న బ్యాటును పెద్దదని ఎవరంటారు? కోచ్ ఒకసారి నసిగాడు. మా ఆయన అక్క కోయిలకుంట్లలో బడిపిల్లలకు ఆటలు నేర్పే టీచరు. ఆ వదిన ఒకసారి వచ్చినప్పుడు బ్యాటును చేతిలో తూచి, నా వైపు చూసి, మళ్లీ గోడకు ఆనించింది. పాప ఎదుగుతుందిలే అని అందరం ఊరుకున్నాం. పాపకు మాత్రం రాత్రీ పగలూ ఎంపికల ధ్యాసే.

మామ దగ్గర ఒక కథ ఉంది, పిల్లలు ఏటా అడిగి చెప్పించుకునేది. రాక్షసుడి లాంటి శత్రువు మీదికి వెళ్లే గొర్రెల కాపరి పిల్లాడికి రాజు తన కవచం తొడగడం, అది మోయలేక పిల్లాడు విప్పేసి తన వడిసెల పట్టుకుని పోవడం. మామ ఆ కథ చెబుతూ తన పెళ్లినాటి కోటును ఎవరో ఒక పిల్లకు తొడిగి, నెత్తిన చెంబు బోర్లించి, చేతికి కర్ర ఇచ్చేవారు. చేతులు కనపడని ఆ వేషం చూసి పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు. ఎంపికలు దగ్గరపడిన ఒక ఆదివారం మా పాప వంతు వచ్చింది. నేను వెనక చాప మీద కూర్చున్నాను.

"కత్తి పైకెత్తు పాపా," అన్నారు మామ. పాప కర్ర ఎత్తబోయి, మొహం చిట్లించి, గబుక్కున దాన్ని ఎడమ చేతికి మార్చుకుంది. పిల్లలు అదీ ఆటే అనుకుని నవ్వారు. మామ నవ్వలేదు. వంగి, కోటు చెయ్యి పైకి మడిచి, మోచేతిని వేలితో తాకారు. పాప చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నొస్తాందా?"

"ల్యా తాతా."

"నాతోనే అబద్ధమా? ఎన్నాళ్లనించి?"

"బ్యాటు వచ్చినప్పటినించి," అంది పాప, తల దించుకుని. "చెప్తే ఎంపికలకు పంపరని చెప్పలా. నువ్వు కూడా బాధపడతావని."

మామ పాప ఒంటి మీది కోటు విప్పి తన భుజం మీద వేసుకున్నారు. తరువాత పిల్లల వైపు తిరిగి కథ ముగించారు. "రాజు మంచోడే పిల్లలూ. ప్రేమతోనే ఇచ్చినాడు. అయితే ఇచ్చే ముందర ఆ పిల్లోని ఒళ్లు చూసుకోల్యా." ఎన్నోసార్లు విన్న కథలో ఈ మాట నేను వినడం అదే మొదలు. డెబ్బై దాటిన మనిషి, సంఘ పెద్ద, తన తప్పును పిల్లల ముందే అంత నెమ్మదిగా ఒప్పుకోవడం చూసి నా కళ్లు నిండాయి.

ఇంటికి వస్తూనే వదినకు ఫోన్ చేసి రమ్మన్నారు. మరుసటి రోజే ఆమె వచ్చి పాపను నిటారుగా నిలబెట్టి, చెయ్యి కిందికి వదలమంది. బ్యాటు తల నేలకు ఆనించి పక్కన పెట్టింది. "అరచెయ్యి పిడి కొనమీద ఆనాల నాయనా. ఇది చూడు, మణికట్టు దాటి పైకుండాది. పిడి కూడా లావే. పట్టుకుంటే వేళ్లకూ అరచేతికీ నడమ ఒక వేలు సందుండాల. దీనికి రెండు వేళ్ల సందుండాది."

"మరి ఆ పొద్దే యాల చెప్పల్యా నువ్వు?"

"అయ్యగారు ప్రార్థన చేసినంక నేనేం చెప్పేది? దేవునికి కొలతలు తెలీవంటానా?"

మామ గట్టిగా నవ్వారు. అత్తకు మాత్రం భయం పోలేదు. "ప్రార్థన చేసిన వస్తువును పక్కన పెడితే తప్పు కాదా?" అని అడిగారు.

"ప్రార్థన చేసింది బిడ్డ కోసరం," అన్నారు మామ. "కట్టె కోసరం కాదు."

డాక్టరు చెయ్యి కదపొద్దన్నాడు. ఎంపికలు పోయాయి. పాప ఒక రోజంతా అన్నం ముట్టలేదు. సాయంత్రం మామ ఆమెను స్టేడియానికే తీసుకుపోయి, ఎండకు ఇంకా కాగుతున్న మెట్ల మీద తువ్వాలు పరిచి కూర్చోబెట్టారు. ఆడలేని బిడ్డను అక్కడికి తీసుకుపోతే ఇంకా ఏడుస్తుందని నేను అడ్డుపడ్డాను. "ఆట మీద కోపం పెట్టుకోకూడదు కదమ్మా," అన్నారు. చెయ్యి బాగయ్యే దాకా ఇద్దరూ ప్రతి సాయంత్రం పోయి, ఎదుటివాళ్ల ఆట చూసి, ఎవరు ఎక్కడ తప్పు కొట్టారో వాదించుకుంటూ వచ్చేవాళ్లు. మామకు టెన్నిస్ తెలియదు. అయినా వాదనలో ఆయన తగ్గిందే లేదు.

చెయ్యి నయమయ్యాక ఇరవై అయిదు అంగుళాల రాకెట్ కోసం అందరం అంగడికి వెళ్లాం. పక్కన నిలబెట్టి చూడటంతో మామకు తృప్తి కాలేదు. పాపను బయటికి తెచ్చి, ఆటోలు ఆగిపోయేలా వీధిలోనే గాలిలో కొట్టించారు. "రెండేండ్లకే చిన్నదైతాది పెద్దాయనా," అన్నాడు అంగడతను. "అయితే మల్లా వస్తాం. నీ అంగడి యాడికన్నా పోతాందా?" అన్నారు మామ. గుడికి తీసుకుపోదామా అని అత్త అడిగితే, "ముందు ఒక వారం ఆడనీ. చేతికి కుదిరినంక స్తోత్రం చెప్దాం," అన్నారు.

తొలకరి చినుకులు పడ్డ సాయంత్రం పాప మళ్లీ కోర్టులోకి దిగింది. కోచ్ వేసిన బంతిని మొదటిసారే వల దాటించి అవతలి గీత దగ్గర పడేసింది. మేమందరం బంతి వెంట చూశాం. మామ మాత్రం బంతి ఎక్కడ పడిందో చూడలేదు. పాప మోచేతినీ, మొహాన్నీ చూస్తూ ఉండిపోయారు. పాప మొహం చిట్లించలేదు. అప్పుడు ఆయన పెదవులు కదిలాయి. ఏమని ప్రార్థించారో నేను అడగలేదు.

బిడ్డలు రేపటికి ఎంత ఎదుగుతారోనని మన ఆత్రం. కాలం మాత్రం వాళ్లను ఒక్కొక్క దినమే పెంచుతుంది, ఏ దినమూ మళ్లీ రాదు. ఈ దినాన వాళ్లు ఎంత ఉన్నారో అంతే చూడగలిగే కళ్లు నాకూ మీకూ ఇమ్మని, ఇది చదివిన మీరు ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి.