వచ్చిపోయినవాళ్లకు మళ్ళీ రాదన్న మాట

నా ముఖం నిండా స్ఫోటకపు మచ్చలున్నాయి. ఐదో ఏట నాకు తల్లి పోసింది; స్ఫోటకాన్ని మేం అట్లాగే అంటాం. వేపరెమ్మలు పరిచి పడుకోబెట్టారు. నా దగ్గర కూర్చున్నది మా అమ్మ కాదు, నాన్నను కన్న మా బాపమ్మ. ఆమె ముఖానా మచ్చలున్నాయి. మచ్చలున్నవాళ్లే రోగి దగ్గర ఉండాలి, లేనివాళ్లు గడప దాటి లోపలికి రాకూడదు. మా ఇళ్లలో అదే కట్టుబాటు. ఒకసారి పోసినవాళ్లకు మళ్ళీ పోయదు. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. పుస్తకాల్లో ఏముందో తెలియదు గాని, ఈ ఒక్క సంగతి తప్పదని నమ్మాను. అరవై ఏళ్లు అది తప్పలేదు కూడా.

కరోనా వచ్చిన మొదటి ఏడు సిరిసిల్లలో నాకు, కోరుట్లలో మా చెల్లెకు ఆ జ్వరం వచ్చింది. నాకు వాసన పోయింది. పొయ్యి మీద పప్పు మాడి గిన్నె నల్లబడినా తెలియలేదు. చెల్లె నాలుగు రోజులు పడుకుని లేచి, మళ్ళీ బీడీలు చుట్టే చాట ఒళ్లో పెట్టుకుంది. మా ఇద్దరి వంతూ అయిపోయిందనుకున్నాను. మాస్కులు పారేయడానికి మనసొప్పక ఉతికి, మడిచి పెట్టెలో దాచాను.

మరుసటి ఎండాకాలం అది మళ్ళీ లేచింది. మెట్‌పల్లిలో మా చెల్లె ఆడబిడ్డ మంచం పట్టింది. ఆమెకు మొగుడు లేడు. కొడుకులిద్దరూ దుబాయిలో, విమానాలు బంద్. గుక్కెడు నీళ్లిచ్చే మనిషి లేదు. చెల్లె నాకు ఫోన్ చేసింది. పోవాలంటే భయంగా ఉందని, పోకుంటే రేపు ముఖమెట్లా చూపాలని, ఏదో ఒకటి నన్నే చెప్పమంది. మా అమ్మ పోయినప్పటి నుంచి నన్నడగనిదే ఏ పనీ చేసేది కాదు.

"నీకు ఒకసారి అచ్చిపోయింది గదనే. మళ్ల రాదు. రానోళ్లను పంపి సంపుతవా? నువ్వే పో" అన్నాను.

"గిప్పుడచ్చేది వేరే తీరుగున్నదంటున్నరక్కా."

"అనేటోళ్లకేం పని. తల్లి పోసినోళ్లకు మళ్ల పోసిందా ఎన్నడన్న?"

"నీ ముఖం సూసినంక ఏ తల్లి మళ్ల అస్తదక్కా" అని నవ్వింది. చిన్నప్పటి నుంచి నన్ను ఎక్కిరించే మాటే అది.

నా మనవరాలు, కొడుకు బిడ్డ, పక్కనే ఉంది. జగిత్యాల కాలేజీలో చదువుతుంది, హాస్టల్ మూసేస్తే ఇంటికి వచ్చింది. అట్లా చెప్పొద్దని, ఇది మారిన రోగమని, ముందు వచ్చినవాళ్లకూ వస్తుందని నా కొంగు పట్టి లాగింది. నాలుగు పుస్తకాలు చదివి నాకు పెద్దరికం చేయకు అని కసిరాను.

చెల్లె మరునాడు పొద్దున్నే మెట్‌పల్లి పోయింది. ఆడబిడ్డకు గంజి తాగించింది, ఒళ్లు తుడిచింది. మూతికి గుడ్డ కట్టుకోలేదు. వచ్చిపోయినదాన్నే గదా అనుకుంది. అట్లా అనుకునేటట్టు చేసింది నేను. ఆరో రోజుకు ఆడబిడ్డ లేచి కూర్చుంది. ఆ రోజే చెల్లెకు దగ్గు మొదలైంది. జగిత్యాల ఆసుపత్రిలో చేర్చారు. నాలుగు రోజులు ఊపిరి కోసం పెనుగులాడి ఐదో రోజు పోయింది.

పుట్టింటి చీర కప్పి పంపాలని నేను, నా కొడుకు జగిత్యాల పోయాం. ఆసుపత్రి గోడ పక్కన ఎండలో నిలబడ్డాం. సంచిలో కట్టేశాక విప్పరాదన్నారు. పైనుంచి కప్పుతామన్నా ఒప్పుకోలేదు. చీరను మడత విప్పకుండానే ఇంటికి తెచ్చాను.

నెల గడిచింది. మా మగ్గాలకు నూలు కండెలు చుట్టడం నా పని. ఒకరోజు కండెలు చుడుతూ మనవరాలిని అడిగాను, వచ్చిన మనిషికి మళ్ళీ ఎట్లా వచ్చిందని.

ఆ పిల్ల మగ్గాన్నే చూపించింది. చీర అంచుకు పువ్వు పడాలంటే మగ్గం మీద చెక్కపట్టీల గొలుసొకటి తిరుగుతుంది. పట్టీలో కొయ్యమేకు ఎక్కడుంటే అక్కడ దారాలు లేస్తాయి. ఇంకో మగ్గానికి అదే పువ్వు కావాలంటే, ఈ గొలుసును చూసి అట్లాంటిదే మరొకటి చేసుకుంటాం. చూసి చేసేటప్పుడు ఎక్కడో ఒక మేకు తప్పుతుంది. తప్పితే చాలాసార్లు పువ్వు పాడవుతుంది, ఆ గొలుసును మూలకు పడేస్తాం. ఒకసారి మాత్రం మా షెడ్డులో మేకు తప్పి పువ్వుకు తోక మొలిచింది. మాకు నూలిచ్చే షావుకారుకు అదే నచ్చింది. ఆ ఏడు వాడకట్టంతా తోక పువ్వునే చూసి చేసుకుంది. పాత పువ్వు ఎట్లా ఉండేదో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

వైరస్ కూడా అంతేనట. మన ఒంట్లో దూరి, మన ఒంటితోనే తనలాంటివి లెక్కలేనన్ని చేయించుకుంటుందట. అన్ని చేస్తే తప్పులు పడకుండా ఉండవు. చాలా తప్పులు దాన్నే చంపుతాయి. ఏదో ఒక తప్పు మాత్రం దానికి కలిసొస్తుంది, ఇక అదే ఊరూరా పాకుతుంది. మన ఒళ్లు పాతదాన్ని గుర్తుపట్టినట్టు మారినదాన్ని పట్టలేదు. స్ఫోటకం ఇంత తొందరగా మారేది కాదు గనుక ఒకసారితో సరిపోయిందట. మా బాపమ్మ తప్పు చెప్పలేదు. ఆ రోగానికి చెప్పిన మాటను నేను ఈ రోగానికి చెప్పాను.

"మరి దానికి నా చెల్లె మీద పగేంది?" అని అడిగాను.

"పగ లేదు బాపమ్మా, తెలివి లేదు. తప్పు పడ్డది, బతికింది. గంతే."

తల్లి అయితే బోనం ఎత్తి మొక్కేదాన్ని, కోపమొస్తే తిట్టేదాన్ని. తప్పిపోయిన మేకును ఏమని తిట్టను?

వానాకాలంలో చెల్లె బిడ్డ కోరుట్లలో ప్రసవించింది. తల్లి లేదు గనుక బాలింతను చూసుకోవడానికి నేను బయలుదేరాను. నా బట్టలు సర్దుతూ మనవరాలు ఇంకో సంగతి చెప్పింది. మనుషులు పుట్టకముందు ఎన్నడో ఇట్లాంటి వైరసే ఒకటి ఒంట్లో చేరి, పోకుండా ఉండిపోయిందట. కడుపులో బిడ్డకు మాయ ఏర్పడటానికి దాని ముక్క ఒకటి ఇప్పటికీ పనికొస్తుందట. ఆ ఒక్క ముక్క పనికి రావడానికి ముందు ఎన్ని ఒళ్లు కూలినయో అని అడిగాను. ఆ పిల్ల సంచి మూతి ముడేసింది.

తొమ్మిదో రోజు పసిపిల్లను కాళ్ల మీద వేసుకుని నూనె రాస్తున్నాను. చెల్లె బిడ్డ మంచం మీద కూర్చుని చూస్తోంది.

"పెద్దమ్మా, అమ్మకు మెట్‌పల్లి పోవుడు ఇష్టం లేకుండె" అంది. "మొదలు పోనే పోనన్నది. ఫోన్ మాట్లాడచ్చి సంచి సదురుకున్నది. ఎవలు సెప్పిండ్రో ఏమో."

ఊరుకుంటే ఊరుకోవచ్చు. ఆ ఫోన్ సంగతి తెలిసింది నాకు, నా మనవరాలికి. ఆ పిల్ల చెప్పదు.

"నేనే పొమ్మన్న" అన్నాను. "నీకు మళ్ల రాదని నేనే సెప్పిన."

ఆమె మంచం దిగి వచ్చి, నా కాళ్ల మీదనుంచి పిల్లను ఎత్తుకుంది. నూనె ఆమె జాకెట్‌కు అంటింది.

"పిల్లకు నీళ్లు నేనే పోసుకుంట" అంది.

మధ్యాహ్నానికి వాకిట్లో ఆటో వచ్చి ఆగింది. నేను పిలిపించలేదు. సంచి పట్టుకుని ఎక్కాను.

ఇరవై ఒకటో నాడు పిల్లకు పేరు పెట్టారు. నాకు కబురు రాలేదు. ఎందుకు రాలేదని నేను అడగలేదు.