ఖలీల్ భాయ్ లోపల ఉన్నప్పుడు

మొన్న పురానాపూల్ దగ్గర ఒక గల్లీలో నడుస్తుంటే, కొవ్వొత్తులు పోసేవాళ్ళ ఇంట్లోంచి మైనం కరుగుతున్న వాసన వచ్చింది. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. మా ప్రయోగశాలలో న్యూట్రాన్లను అడ్డుకోవడానికి ఖలీల్ భాయ్ అలాగే మైనం కరిగించి, దిమ్మెలు పోసి, మందపాటి గోడ కట్టారు. దాని వెనక న్యూట్రాన్లను చిమ్మే, బీరువా అంత యంత్రం ఉండేది. సూర్యుడిలో లాగా పరమాణువులను కలిపి కరెంటు తీయాలని కడుతున్న ఫ్యూజన్ రియాక్టర్లకు వాడబోయే ఉక్కు ముక్కలు న్యూట్రాన్ల దెబ్బకు ఎంతవరకు తట్టుకుంటాయో అందులో పరీక్షించేవాళ్ళం. న్యూట్రాన్ కనిపించదు, వాసన రాదు, ఒంట్లోంచి దూసుకుపోయినా తెలియదు. చేరిన మొదటిరోజు నుంచీ నాకు అదంటే హడలే.

యంత్రం నడపడం నేర్పింది ఖలీల్ భాయే. పెద్ద చదువులు లేకపోయినా అందులో ప్రతి మరా ఆయనకు తెలుసు. ఆయన నియమం ఒకటే: యంత్రం గదిలోకి వెళ్ళేవాళ్ళ జేబులోనే దాన్ని ఆన్ చేసే తాళంచెవి ఉండాలి. "కెమెరాల చూసిన అంటే నేనొప్పుకోను బేటా. తాళం తిప్పే ముందు లోపలికి పో, మూలమూల తిరుగు, గట్టిగ పిలువు," అనేవారు. ఇంత చాదస్తమేమిటని లోలోపల విసుక్కునేదాన్ని.

ఒక శుక్రవారం మధ్యాహ్నం నేను భోజనం చేసి వచ్చేసరికి ఆయన లేరు, తాళంచెవీ లేదు. నమాజుకు వెళ్తూ మరిచిపోయి జేబులో వేసుకుపోయారనుకున్నాను. కెమెరాలో గది ఖాళీగా కనిపించింది. అల్మారాలోని రెండో తాళంచెవి తీసి తిప్పాను. హెచ్చరిక గంట మోగింది, యంత్రం అందుకుంది, వెంటనే లోపలి నుంచి కేక. కెమెరాకు అందని చోట, గోడ వెనక కూర్చుని నమూనా సరిచేస్తున్న ఆయన యంత్రాన్ని ఆపే ఎర్రమీట నొక్కేలోపు అది రెండు మూడు క్షణాలు నడిచింది.

బయటికొచ్చి గోడకు ఆనుకున్నారు. "నేనే తిప్పిన భాయ్," అన్నాను.

"ఎరికే. కూసో, నీళ్ళు తాగు." గ్లాసు నా చేతికిచ్చారు. "జర ఆగి అంతా రాసియ్యి. నేను నమాజుకు పోయిననుకున్నవని గూడ రాయి. రేపు ఇంకొకలు గూడ గదే అనుకుంటరు."

దాచకుండా రాశాను. పరీక్షలు చేసిన డాక్టర్లు ప్రమాదమేమీ లేదన్నారు. నేను నమ్మలేదు. ఆయన రిటైరయ్యాక కూడా, గుడిమల్కాపూర్‌లో కూరగాయలు కొనే సాకుతో వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. ఆయన దగ్గితే చాలు, ఆ రోజు తగిలిన న్యూట్రాన్ల వల్ల క్యాన్సరేమో అనుకునేదాన్ని. "ఏం బేటా, నా రంగు చూడనీకి వచ్చినవా? ఇగో, మంచిగ చూస్కో," అని నవ్వేవారు. ఇప్పుడు ఆ యంత్రం బాధ్యత నాదే. రోజూ లోపలికి వెళ్ళి, మూలమూలా తిరిగి పిలుస్తాను.

ఆయన పోయిన రోజు కొడుకు ఫోన్ చేశాడు. ఏమైందని అడిగాను. "అబ్బాకు హార్ట్ ఎటాక్ వచ్చింది అక్కా, చాయ్ తాగుకుంటనే పోయిండు," అని ఏడ్చాడు. నా నోట వచ్చిన మొదటి మాట "హమ్మయ్య." ఆ అబ్బాయి విన్నాడో లేదో ఇప్పటికీ తెలియదు. అడగాలంటే భయం.