యాదన్న లాంచీ అమ్మిన రోజు

నేను శేరిగూడలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో పనిచేస్తాను. తూకాలు, కొలతలు, రీడింగులు, అదే నా ఉద్యోగం. ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే టీ గ్లాసు పట్టుకుని లేచిపోయే మనిషిని. మా అమ్మ పోయినప్పుడు పిండానికి కాకి రాలేదని అందరూ గంటసేపు నిలబడితే, ఇంత ఎండలో కాకులు తిరగవని చెప్పి చీవాట్లు తిన్నాను. నాకు ముందునుంచే ఇలాంటి పిచ్చి ఉందని ఎవరూ అనుకోవద్దని ఇది చెబుతున్నాను.

ఇబ్రహీంపట్నం చెరువు పక్కన మాకు భూమి ఉండేది. నాన్న పోయాక పంపకాల్లో రోడ్డు వైపు భూమి మా చిన్నన్న కిష్టన్న తీసుకున్నాడు. పెద్దన్న యాదన్నకు శిఖం భూమి వచ్చింది. శిఖం అంటే చెరువు నిండితే మునిగిపోయే నేల. అక్కడ ఇల్లు కట్టుకోనివ్వరు. పెళ్లాం పిల్లలు లేని మనిషికి ఏదైతేనేం అన్నారు పంపకాలు చేసిన పెద్దమనుషులు. యాదన్న సరే అన్నాడు. ఆయన దేనికైనా సరే అనేవాడు.

నాకు ఏమీ రాలేదు. నేను అడగలేదు కూడా. భర్తతో పొసగక తిరిగొచ్చినప్పటి నుంచి కిష్టన్న ఇంటి మీది అంతస్తులో ఉంటున్నాను.

యాదన్న లారీ డ్రైవరు. ఒకసారి పన్ను నొప్పికి డాక్టరు దగ్గరికి పోతే అక్కడ గోడ మీద క్యాలెండరులో హాలండ్ బొమ్మ ఉందట. ఎప్పుడో సరుకులు మోసిన పాత పడవల్ని అక్కడివాళ్లు ఇళ్లుగా మార్చుకుని కాలువల్లోనే కాపురముంటారు. కిటికీలకు తెరలు, పైకప్పు మీద పూలకుండీలు. డాక్టరును అడిగి ఆ కాగితం చింపి తెచ్చి అందరికీ చూపించాడు.

"నేల మీద కట్టనియ్యకపోతే నీళ్ల మీద ఉంట. నీళ్లకు పర్మిషన్ ఎవడడుగుతడు?" అన్నాడు.

అప్పటికి చెరువులో నీళ్లు లేవు. తుమ్మచెట్లు ఉన్నాయి.

నాగార్జునసాగర్ వెనుక కృష్ణలో మా తాతల కాలం నుంచి ఊళ్ల మధ్య జనాన్ని దాటించిన ఇనుప లాంచీ ఒకటి, పని అయిపోయి ఒడ్డున పడి ఉంటే కొన్నాడు. పెద్ద ట్రైలర్ మీద తెచ్చి ఎండిన శిఖంలో దింపాడు. ఊరు ఊరంతా వచ్చి నవ్వింది. అందరికంటే ఎక్కువ కిష్టన్న నవ్వాడు. యాదన్న మాత్రం లారీ పని లేని రోజుల్లో తుప్పు గీకి, రంగులు వేసి, లోపల టేకు పలకలు కొట్టి, వంటకు ఒక మూల, పడుకోవడానికి ఒక గది చేసుకున్నాడు. పైన రంగు డబ్బాల్లో బంతి మొక్కలు పెట్టాడు.

తర్వాత ఒక వానాకాలం చెరువు నిండింది. మా వయసువాళ్లం ఎవరమూ అంత నీరు అక్కడ చూడలేదు. లాంచీ తేలింది. నవ్వినవాళ్లంతా ఫోన్లు పట్టుకుని ఫోటోలు దిగడానికి వచ్చారు.

ఆ ఏడాదే యాదన్న వెనక గదిలో ఇంకో మంచం వేసి నన్ను పిలిచాడు. "చెల్లే, నువ్వు ఈడికి వచ్చేయ్. ఒగల ఇంట్ల ఉంటున్ననన్న ఫికర్ ఉండది." కాలేజీలో ఏమనుకుంటారోనని నేను పోలేదు. ఆ మంచం మీద ఎవరూ పడుకోలేదు.

నిరుడు యాదన్న గుండె ఆగి పోయాడు. లాంచీలో కాదు, సిటీలో దవాఖానలో, పట్టపగలు, నేను పక్కనుండగానే. పెద్దకర్మ కాకముందే మహేశ్వరం దగ్గర రిసార్టు కడుతున్న ఒకాయన కిష్టన్నకు ఫోన్ చేశాడు. పాత లాంచీ అంటే జనం ఎగబడతారట, దాన్ని హోటల్ చేస్తాడట.

"పెట్టుకుని ఏం జేస్తం? తుప్పు వట్టిపోతది. సంతకం వెట్టు," అన్నాడు కిష్టన్న. యాదన్నకు వారసులం మేమిద్దరమే. ఆయన ఇంట్లో కూర్చుని, ఆయన భార్య పోసిన టీ తాగుతూ, నేను సంతకం పెట్టాను. కొనేవాళ్లు చూడటానికి వచ్చేలోపు లోపల శుభ్రం చేసే పని కూడా నాకే పడింది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. యాదన్న నూటపది కిలోల మనిషి. రోజూ నాలుగు గంటలకు టీ పెట్టుకుని ఎడమవైపు కిటికీ దగ్గర బల్ల మీద కూర్చునేవాడు. ఆయన కూర్చోగానే లాంచీ మెల్లగా ఎడమకు ఒరిగేది. అరమీద స్టీలు గ్లాసులు సర్రుమని జారి అంచుకు తగిలి ఆగేవి. మొదట్లో నాకు భయమయ్యేది, తర్వాత అలవాటైంది.

ఆదివారం నేను ఆయన బట్టలు మూట కడుతున్నాను. గ్లాసులు జారిన చప్పుడు వినిపించింది. లాంచీ ఎడమకు ఒరిగి ఉంది. ఫోన్ చూస్తే నాలుగు దాటి ఐదు నిమిషాలు. లోపల నేనొక్కదాన్నే ఉన్నాను, అదీ కుడివైపు.

నాకు మొదట వచ్చిన ఆలోచన, అడుగు కారుతోందని. నేల పలకలు ఎత్తి చూశాను, పొడిగా ఉంది. తాళ్లు బిగుసుకున్నాయేమో చూశాను, వదులుగా వేలాడుతున్నాయి. అడుగు నేలకు తగిలిందేమోనని వెదురు కర్ర దించాను, నిలువు లోతుకు పైనే ఉంది. గాలి లేదు. అరగంట తర్వాత లాంచీ దానంతటదే నిటారైంది.

మరునాడు ల్యాబు నుంచి రసమట్టం, అంటే గాజు గొట్టంలో బుడగ జరిగి ఒరుగు చూపించేది, తెచ్చి బల్ల పక్కన నేల మీద పెట్టాను. సోమవారం, మంగళవారం, బుధవారం కాలేజీ అవగానే వచ్చి కూర్చున్నాను. మూడు రోజులూ నాలుగు దాటగానే బుడగ కుడివైపుకు జరిగింది. మూడు రోజులూ అదే గీత దగ్గర ఆగింది. నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

గురువారం సెలవు పెట్టి, లాంచీకి వెల్డింగ్ చేసిన ఖలీల్ భాయ్‌ని పిలిపించాను. ఆయన అడుగంతా సుత్తితో కొట్టి చూసి, "ఒక్క చుక్క కారతలేదక్కా, మస్తు గట్టిగుంది," అన్నాడు. నాలుగు కాకముందే ఆయనతో ఆ బల్ల మీద సిమెంటు బస్తాలు పెట్టించాను. ఒక బస్తాకు బుడగ సగం దూరం పోయింది. రెండో బస్తా పెట్టాక దాదాపు వచ్చింది. పైన ఒక రాయి పెడితే సరిగ్గా నా గీత మీద ఆగింది.

ఖలీల్ భాయ్ బస్తాల వంక చూశాడు, నా వంక చూశాడు. "ఇది యాదన్న బరువు గదక్కా," అన్నాడు. పనిముట్లు సర్దుకుని, కూలి కూడా తీసుకోకుండా ఒడ్డుకు పోయాడు.

నేను కిష్టన్నకు చెప్పాను. "పిచ్చి లేచిందా? కొనేటోనికి ఈ ముచ్చట చెవులవడితే ఎట్ల?" అన్నాడు. పొద్దున రమ్మని కొనేవాళ్లకు చెప్పమన్నాను. చెప్పాడో లేదో తెలియదు. శనివారం వాళ్లు వచ్చేసరికి మూడున్నర అయింది.

రిసార్టు ఆయన, క్రేను మేస్త్రీ, నలుగురు కూలీలు. ఆయన లోపల పలకలు తట్టి చూశాడు, బంతి మొక్కలు తీసేయమన్నాడు, వెనక గదిలో నా కోసం వేసిన మంచం మీద కూర్చుని ఇక్కడ బిల్లు కౌంటరు పెడతానన్నాడు. కిష్టన్న అన్నిటికీ తల ఊపాడు.

నాలుగు దాటింది. గ్లాసులు జారాయి.

"ఏందిది, ఒరిగింది? అడుగు పోయిందా?" అన్నాడు రిసార్టు ఆయన, గోడ పట్టుకుని.

కిష్టన్న ముఖం మాడిపోయింది. గాలికి అట్లా అవుతుందన్నాడు. చెరువు మీద అల కూడా లేదు. కిష్టన్నే కూలీలను పిలిచి నలుగురినీ కుడివైపు గోడకు ఆనుకుని నిలబడమన్నాడు. నలుగురి బరువుకు, లెక్క ప్రకారం, లాంచీ కుడికి ఒరిగి తీరాలి. కదల్లేదు. కిష్టన్న తానూ పోయి నిలబడ్డాడు. బుడగ ఆ గీత దగ్గరే ఉంది. ఒక కూలీ దండం పెట్టుకుని దిగిపోతానన్నాడు.

"ఖరాబు మాల్ అంటగడుతున్నరా నాకు?" అని రిసార్టు ఆయన ఒడ్డుకు వేసిన పలక వైపు నడిచాడు.

కిష్టన్న నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. మీది అంతస్తులో నీళ్ల మోటారు ఎక్కువసేపు నడిచినా అట్లాగే చూస్తాడు.

నేను ఎడమవైపు కిటికీ దగ్గరికి పోయాను. బల్ల ఖాళీగా ఉంది. ఎండ పడుతోంది. ఎవరికీ వినపడకుండా అన్నాను. "అన్నా, జర లే. అమ్ముతున్నం."

కొంచెంసేపు ఏమీ కాలేదు. తర్వాత లాంచీ లేచింది. ఒక లావుపాటి మనిషి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఆయాసపడుతూ లేస్తే ఎంత నిదానంగా లేస్తాడో అంత నిదానంగా. గ్లాసులు వెనక్కి జారాయి. వెంటనే కుడివైపున్న ఐదుగురి బరువుకు లాంచీ అటు ఒరిగింది, ఒక కూలీ తూలిపడ్డాడు. వాళ్లు పక్కకు జరిగాక చదునుగా నిలబడింది.

"జూసిన్రా, గాలే," అన్నాడు కిష్టన్న గట్టిగా. రిసార్టు ఆయన కాసేపు నిలబడి చూసి, వెనక్కి వచ్చాడు. బేరం కుదిరింది.

దిగేటప్పుడు కిష్టన్న నన్ను అడిగాడు. "ఎవలతోని మాట్లాడినవ్?"

"ఎవలతోని మాట్లాడలే," అన్నాను.

క్రేను రావడానికి ఇంకో తొమ్మిది రోజులు పట్టింది. ప్రతి సాయంత్రం నేను పోయి కూర్చున్నాను. నాలుగయ్యేది, ఐదయ్యేది. బుడగ నడిమధ్యలో నుంచి కదల్లేదు. ఎనిమిదో రోజు టీ పెట్టి ఆ బల్ల మీద ఉంచాను. మనసు మారింది, కూర్చో అని కూడా అన్నాను. చల్లారిన టీ చెరువులో పారబోసి వచ్చాను.

లాంచీ ఇప్పుడు మహేశ్వరం దగ్గర కాంక్రీటు దిమ్మ మీద ఉంది. ప్రారంభానికి కిష్టన్న కుటుంబంతో పోయాడు, నేను పోలేదు.

మా కాలేజీ ఫిజిక్స్ సారుకు నోటుబుక్కు చూపించాను. అడుగున గాలి బుడగలు, నీటిలో చిన్న ప్రవాహాలు, సాయంత్రం ఎండకు ఇనుము ఒకవైపు సాగడం, ఇలా చాలా చెప్పారు. వాటిలో ఏదో ఒకటి నిజమే కావచ్చు, లాంచీ ఎందుకు ఒరిగిందో ఎప్పటికైనా తేలవచ్చు. కానీ లాంచీ నేను అడిగితే లేచింది. జీవితమంతా అందరికీ సరే అన్న మనిషి. నాతో ఆ ఒక్కసారైనా లేవను అని ఉంటే బాగుండేది.