పెద్దబాపు జాన

మా నాన్నకు అన్న, మా పెద్దబాపు, కొమ్మున్న దేన్ని చూసినా బొటనవేలూ చిటికెనవేలూ బార్లా చాపి గాలిలోనే కొలిచేవాడు. చేవెళ్ల సంతలో మేకపోతు ఎదురైనా అంతే. వయసులో ఉన్నప్పుడు ఆయన దుప్పుల వేటగాడు. వేట నేరమయ్యాక తుపాకీ వదిలాడు గానీ, ఆ జాన వదల్లేదు.

"మూడు జానల కొమ్ము లేదంటే అది పసిది. దాన్ని కొట్టద్దు" అనేది ఆయన నియమం. కలిసి వేటాడిన బావమరిది ఒప్పుకునేవాడు కాదు. "మంచి మంచియి ఏరి కొడ్తివి. మందల విత్తనానికి ఏం మిగుల్తది బావా?" అనేవాడు. ఏ పెళ్లిలో కలిసినా అదే తగువు. "నేనొక్క పిల్లను సంపలే" అని పెద్దబాపు గుండె మీద చెయ్యేసుకునేవాడు. ఆ మాట విని నేనూ గర్వపడేవాణ్ణి.

మొన్న ఎండాకాలం ఆయన్ని కారులో మొయినాబాద్ తీసుకెళ్తుంటే, ఏదో బండి గుద్ది చచ్చిన మగ దుప్పి రోడ్డు పక్కన కనిపించింది. పెద్దబాపు దిగి కొమ్ము మీద జాన పెట్టాడు. రెండు జానలు కూడా లేదు.

"అయ్యో, పసిది" అన్నాడు.

కాపలా ఉన్న ఫారెస్టు గార్డు దాని పెదవి ఎత్తి చూపించాడు. "పసిది కాదు పెద్దయ్యా, ముసల్ది. పండ్లు జూడు, ఎట్ల అరిగినయో. ముసలైనంక కొన్నిటికి కొమ్ములు గిట్ల చిన్నగనే వస్తయి."

కారెక్కాక పెద్దబాపు నా వైపు తిరిగాడు. "పిల్లలని నేను ఇడిసిపెట్టినయి ముసలియా బిడ్డా? వయసుల ఉన్నయన్ని నేనే కొట్టిన్నా?" అని అడిగాడు. నేను కారు ముందుకు పోనిచ్చాను.

కాస్త దూరంలో మేకల మంద అడ్డమొచ్చింది. అలవాటుగా ఆయన చెయ్యి లేచింది. వేళ్లు మాత్రం విచ్చుకోలేదు.